చందా వేసేటప్పుడు ఒక్కమాట

ఏలేరు నీళ్లు 150 కిలోమీటర్ల పైచిలుకు కాలువ గుండా మన విశాఖ స్టీల్‌ప్లాంటుకు చేరుతున్నాయి. పాడేరు, అరకు కొండల్లో మాత్రం కొన్ని గూడేల ఆడపిల్లలు ఇంకా బిందెలతో ఊటగెడ్డ దాకా నడుస్తున్నారు. ఇంట్లో నీటి వసతి లేనిచోట పదిళ్లలో ఏడిళ్లకు నీళ్లు తెచ్చేది ఆడవాళ్లేనని 2023లో డబ్ల్యూహెచ్‌ఓ, యూనిసెఫ్ నివేదిక తేల్చింది.

కొండ ఊళ్లకు మోటారూ కరెంటూ లేకుండానే కుళాయి పెట్టొచ్చు. పైన ఊట దగ్గర సిమెంటు తొట్టి, ఇసుక వడపోత, అక్కణ్నుంచి ఊళ్లోకి పైపు. వాలుకు నీళ్లు వాటంతటవే దిగుతాయి. విశాఖ జిల్లా నవనిర్మాణ సమితి ఏజెన్సీలో ఇలాంటివి కట్టింది.

మా గ్రూపులో ఇలాంటి కుళాయికి చందా మాట ఎత్తగానే ఒకాయన అడిగారు, "పాడైతే ఎవరు బాగుచేస్తారండీ?" అని. అసలు ప్రశ్న అదే. పైపులతోపాటు ఊళ్లో ఇద్దరికి రిపేరు నేర్పే ఖర్చు కూడా లెక్కలో వేయండి. ఆ ఇద్దరిలో ఒకరు ఆడపిల్లయితే ఇంకా మంచిది.