విశాఖ తీరమున నేర్చిన లెక్క

గత వేసవి సెలవులలో విశాఖపట్టణమున నున్న మా చెల్లెలి యింటికి మావారితో గూడ బోయితిని. వారి ముందుగదిలో ఉప్పునీటి గాజుతొట్టి యొకటి గలదు. పొడవు రెండడుగులు, వెడల్పు అడుగు. ఇసుకయు రాళ్లును పోగా 50 లీటర్ల నీరు పట్టును. అందు తెల్లని పట్టెలుగల నారింజవన్నె క్లౌన్ చేపలు రెండు మాత్రమే తిరుగుచుండెను. ఇంత తొట్టికి రెండేనా యని జాలిపడి, చెల్లెలి కుమారుని పుట్టినరోజునకు నీలివన్నె టాంగ్ చేప నొకదానిని, డాంసెల్ చేపలను మూడింటిని గొని తెచ్చి కానుకగా నిచ్చితిని. పెద్దమ్మ తెచ్చినవి వలదనుటకు వారికి నోరాడలేదు.

నాలుగవనాటి యుదయమున చేపలన్నియు నీటిపైకి వచ్చి నోళ్లు తెరచుచుండెను. సాయంకాలమునకు మూడు చచ్చెను. వానిలో నొకటి బాలుడు రెండేండ్లుగా పెంచుకొనిన క్లౌన్ చేప. వాడు నన్నొక్క మాటయు ననలేదు. అదియే నాకు మిక్కిలి బాధ గలిగించెను.

మరునాడు సముద్రము ఆటుమీదనున్న వేళ, కైలాసగిరి క్రింద తెన్నేటి పార్కు చెంతనున్న రాతిగుంటలకు వాడే నన్ను గొనిపోయెను. చేరెడు నీటిలో చిన్న చేపలును పీతలును సుఖముగా నుండెను. “ఇంత యిరుకున నివి యెట్లు బ్రతుకుచున్నవిరా?” యని యడిగితిని. “దినమునకు రెండు మారులు సముద్రమే వచ్చి నీరు మార్చిపోవును. మన తొట్టికి పోటు లేదు గదా, పెద్దమ్మా!” యనెను.

పిదప తక్కిన సంగతులును వాడే చెప్పెను. చేపల విసర్జనములనుండియు మిగిలిన మేతనుండియు అమోనియా యను విషము పుట్టును. రాళ్లనంటియున్న సూక్ష్మజీవులు దానిని నైట్రైటుగను, పిమ్మట నైట్రేటుగను మార్చును. క్రొత్త తొట్టిలో నవి కుదురుకొనుటకే నాలుగారు వారములు పట్టును. ఒక్కమారుగ నాలుగు చేపలు చేరినచో వానికి పని మించిపోవును. పైగా ఉప్పునీరు మంచినీటికంటె ప్రాణవాయువును తక్కువగా నిలుపుకొనును. వేసవి వేడిమికి అదియు తరిగిపోవును. నీలి టాంగ్ పెరిగినచో 30 సెంటీమీటర్లగును. అనగా తొట్టి వెడల్పంత!

భాగవతమున సత్యవ్రతుని కమండలములోని చేపపిల్లకు కొలనులును చాలక, తుదకు సముద్రమే కావలసివచ్చిన కథను నేనెన్ని మారులో చదివితిని. చేపపిల్ల పెరుగునను మాట మాత్రము అంగడిలో నాకు తోచలేదు.

టాంగును, మిగిలిన డాంసెలును అంగడికే మరల నిచ్చివేసితిమి.

సోదరీమణులారా, అట్టి తొట్టి మీ యింట నున్నచో, చేప యెంత పెరుగునో మొదట విచారింపుడు. ఒకదానిని చేర్చినపిదప కొన్ని వారములు వేచియుండుడు. రెండు నిమిషములలో తినగలిగినంతయే మేత వేయుడు. ఆవిరియైన నీటికి బదులు మంచినీటినే పోయుడు. ఉప్పు ఆవిరికాదు గదా!

ఈ యేడు పుట్టినరోజునకు వానికి పుస్తకము పంపితిని. “ఒంటరి చేపకు జత దొరికినది. ఇక చాలును, పెద్దమ్మా!” యని వాడు జాబు వ్రాసెను.