కాలని మేడలు

హైదరాబాదునుంచి బెజవాడ వెళ్ళే దారిలో రామోజీ ఫిల్మ్ సిటీ తగులుతుంది. 1996లో వెలసిన ఈ మాయానగరంలో కొన్ని మేడలకు ముఖాలే కాని గదులుండవు. వెండితెరమీద ఇలాంటి మేడలు భగ్గున మండుతాయి. మర్నాడు వెళ్ళి చూస్తే గోడకు మసైనా అంటి ఉండదు!

అందులోని కిటుకు ఇది: మంటను చీకట్లో, నల్లతెర ముందు విడిగా చిత్రిస్తారు. మంటంటే వెలుగు, నలుపంటే వెలుగు లేకపోవడం. ఆ వెలుగును మేడ బొమ్మమీద కంప్యూటరుతో కలిపితే నలుపు మాయమై మంటే మిగులుతుంది. నల్లపొగ మాత్రం నలుపులో కలిసిపోతుంది; దాన్ని వేరే చేర్చాలి.

ఇది ఉత్త వినోదం కాదు. 1957లో 'మదర్ ఇండియా' తీస్తుండగా నిజం మంటల్లో నర్గీస్ చిక్కుకుంటే, సునీల్ దత్ దూకి రక్షించారు. ఆయన ఒళ్ళూ కాలింది. ఆ గండం ఇక ఎవరికీ రాకపోవడమే ఈ ఇంద్రజాలానికి సార్థకత.