లంబసింగిలో తలంటు

కొబ్బరినూనె సీసా బోర్లించి అరచేతిలో తట్టాను. చుక్క రాలేదు. లోపల తెల్లగా మైనంలా పేరుకుపోయి ఉంది. డిసెంబరు నెల, పొద్దున్న ఆరు గంటలు, లంబసింగి. 24 డిగ్రీల దగ్గరే గడ్డకట్టే నూనె ఆ చలికి కరిగేదెలా!

విశాఖ నుంచి నర్సీపట్నం మీదుగా ఘాట్‌రోడ్డు ఎక్కితే వచ్చే ఊరిది. చింతపల్లి మండలం, 2022 నుంచి అల్లూరి సీతారామరాజు జిల్లా. సముద్రమట్టానికి సుమారు వెయ్యి మీటర్ల ఎత్తు. కొర్రబయలు అని ఇంకో పేరుంది. బయట పడుకున్న మనిషి తెల్లారేసరికి కర్రలా బిగుసుకుపోతాడని దానికి అర్థం చెబుతారు. మబ్బులు చూడ్డానికి వచ్చేవాళ్లంతా స్వెటర్లు, మఫ్లర్లు మోసుకొస్తారు. జుట్టు సంగతి ఎవరికీ గుర్తుండదు. నాకూ లేదు. రెండోరోజుకే దువ్వెన నిండా వెంట్రుకలు, భుజాల మీద తెల్లటి పొట్టు!

తప్పు చలిది కొంత, నాది ఎక్కువ. పొగమంచు చూసి గాలి నిండా తేమే అనుకుంటాం. ఎండెక్కి మంచు విడిపోయాక అదే గాలి పొడిబారిపోతుంది. దానికితోడు వణుకు ఆపుకోలేక పొగలు కక్కే నీళ్లు నెత్తిన పోసుకున్నాను. మాడుకు కాపలాగా ఉండే సహజమైన జిడ్డు కాస్తా కొట్టుకుపోయింది.

"ఏటమ్మా, అది నూనా, సున్నపుముద్దా?" బసకిచ్చిన ఇంటావిడ నవ్వి, లోపల్నుంచి ఓ చిన్న సీసా తెచ్చింది. వంటాముదం. గింజలు వేయించి, దంచి, నీళ్లలో ఉడకబెట్టి, పైకి తేలిన నూనెను గరిటెతో తీసి మళ్లీ కాచింది. ఆముదం నీళ్లు గడ్డకట్టే చలిలోనూ పేరుకోదు. కాకపోతే మహా జిగురు! అందుకే నా సీసాను వేణ్నీళ్ల గిన్నెలో నిలబెట్టి కరిగించి, దాంట్లో కాస్త ఆముదం కలిపి, గోరువెచ్చగా ఉండగానే మాడుకు పట్టించింది.

గంట తర్వాత కుంకుడు రసం. కాయలు కొట్టి, గింజలు తీసి రాత్రే నానేసింది. ఈ కొండల్లోని గిరిజనులు ఏరే కుంకుళ్లనూ శీకాయనూ 1956లో ఏర్పడ్డ గిరిజన సహకార సంస్థ కొంటుంది. నీళ్లు గోరువెచ్చగానే పోసింది, నేను ఎంత బతిమాలినా సరే. కళ్లు మండాయి. చిన్నప్పటి ఆదివారాలు గుర్తొచ్చాయి.

చుండ్రు మాయమైందని చెప్పను. దురద తగ్గింది, జుట్టు పీచులా లేదు, అంతే. అసలు చుండ్రున్నవాళ్లు నూనె రాసుకుని రోజుల తరబడి వదిలేయకూడదు. ఆ జిడ్డే దానికి మేత. ఎంతకీ తగ్గకపోతే చర్మవైద్యుల దగ్గరికి వెళ్లాల్సిందే.

తడి తలతో పొయ్యి దగ్గరికి వెళ్లబోతే ఆవిడ ఒప్పుకోలేదు. మంకీక్యాపు పెట్టుకోనివ్వలేదు, దువ్వెనా ముట్టనివ్వలేదు. తడిసిన వెంట్రుక లాగితే సాగి తెగిపోతుంది కదా. పాత నూలుచీర ముక్కతో ఒత్తి, పెరట్లో ఎండకు కూర్చోబెట్టి వేళ్లతోనే చిక్కు తీస్తూ, "మా పిల్లకీ ఇంత జడ ఉండేది" అంది.

"ఇప్పుడు లేదా అక్కా?"

"హాస్టల్లో ఏడో తరగతమ్మా. అంతమందికి వేణ్నీళ్లు ఎక్కణ్నుంచొస్తాయి? ఈ చలిలో చన్నీళ్లు పోసుకుంటే జలుబు, పోసుకోకపోతే పేలు. దసరాకి వచ్చినప్పుడు నేనే మెడ దాకా కత్తిరించీసాను."

ఆవిడ ఏరిన కుంకుళ్లు కిలోల లెక్కన కొండ దిగి ఏ ఊరికో పోతాయి. కూతురికి మాత్రం తలంటు సెలవుల్లోనే.

బయల్దేరేముందు, మిగిలిన ఆముదం కొనుక్కుంటానని అడగబోయాను. అప్పటికే ఆవిడ సీసాకు బిరడా బిగించి, గుడ్డ చుట్టి అటక మీద పెట్టేస్తోంది.

"సంక్రాంతికి పిల్లొస్తాదమ్మా" అంది.