పోగు చేతికి చిక్కేదాకా

ఎలుక మెదడు ముక్కలో ఒక్కో న్యూరాన్ పోగునూ మొదలు నుంచి చివరిదాకా పట్టుకెళ్లడం పీహెచ్‌డీలో నా పని. మైక్రోస్కోపు పొరలు పొరలుగా తీసిన బొమ్మల్ని కంప్యూటర్ ఒకదానిమీద ఒకటి పేరుస్తుంది. మామూలు తెరమీద చూస్తే ఏ పోగు ముందుందో, ఏది వెనకుందో తేలదు. వీఆర్ హెడ్‌సెట్‌లో రెండు కళ్లకూ వేర్వేరు బొమ్మలు వెళ్తాయి కాబట్టి లోతు తెలుస్తుంది. అందుకే అందులోకి దిగాం.

మొదట్లో మాది ఎగిరే పద్ధతి. జాయ్‌స్టిక్ నెడితే పోగుల మధ్య నుంచి దూసుకుపోతాం. కళ్లేమో కదులుతున్నామంటాయి, లోపలి చెవేమో కూర్చునే ఉన్నామంటుంది. పైగా సెకనుకు 90 బొమ్మలు రావాలంటే ఒక్కోటి గీయడానికి 11 మిల్లీసెకన్లే గడువు. పోగులు కిక్కిరిసిన చోట మా మెషిన్‌కి అది చాలేది కాదు. తల తిప్పితే లోకమంతా ఓ క్షణం ఆలస్యంగా తిరిగేది. నోట్లో నీళ్లూరేవి, మెడ వెనక చల్లటి చెమట పట్టేది. హెడ్‌సెట్ పీకేసి చెత్తబుట్ట దగ్గర మోకాళ్లమీద కూలబడేదాన్ని. రాత్రి హాస్టల్లో పడుకున్నా మంచం తేలుతున్నట్టే ఉండేది.

ఇలాంటి అస్వస్థతను కొలవడానికి 1993లో కెనడీ బృందం తయారుచేసిన ప్రశ్నావళిలో 16 లక్షణాలుంటాయి. ‘వికారం’ ఎదురుగా నేను వేసేది 3, అంటే అన్నిటికన్నా తీవ్రం. “అలవాటైపోతుందిలేమ్మా” అన్నారు సీనియర్లు. నాకు అలవాటు కాలేదు.

పోగును ఎంచుకోవడం ఇంకో నరకం. కంట్రోలర్ నుంచి వచ్చే కిరణాన్ని కావలసిన పోగుమీద ఊపిరి బిగబట్టి ఆనిస్తాను. ట్రిగ్గర్ నొక్కగానే, ఆ నొక్కుడికే చెయ్యి కాస్త కదిలి పక్క పోగు వెలుగుతుంది. ఈ రంగంలో దీన్ని హైజెన్‌బర్గ్ ఎఫెక్ట్ అంటారు. పేరు తెలిస్తే నొప్పి తగ్గదు. గంటల తరబడి చెయ్యి ఎత్తి ఉంచడంతో పొద్దున జడ వేసుకోవడానికి భుజం లేచేది కాదు.

చివరికి ఎగరడం మానేశాం. నేను నిలబడ్డ చోటే ఉంటాను, డేటానే రెండు చేతులతో పట్టుకుని తిప్పుతాను, చేతులు దూరం జరిపితే పెద్దదవుతుంది. మనిషి కదలకుండా లోకాన్నే చేతిలోకి తీసుకునే ఆలోచన 1995లోనే వర్జీనియా విశ్వవిద్యాలయం వాళ్ల పనిలో ఉంది. ఎడమ చేతికి ఒక కోత పలక ఇచ్చాం. అది ఆనిన చోట పలచటి పొర మాత్రమే కనిపిస్తుంది, అడ్డున్నవన్నీ మాయమవుతాయి. కిరణం బదులు చిన్న గోళం పెట్టాం. దాని పరిధిలోకి వచ్చిన పోగులన్నీ విడివిడిగా పరుచుకుంటాయి, అందులోంచి ఒకటి ఏరుకోవాలి. కాపర్, బాసిమ్, బౌమన్ 2011లో చూపిన దారి ఇది. అడుగు ఎక్కువైనా తప్పులు తగ్గాయి. నొక్కడానికి క్షణం ముందు చెయ్యి ఎక్కడుందో దాన్నే లెక్కలోకి తీసుకున్నాం. మోచెయ్యి పక్కటెముకలకు ఆనించుకుని పని చేసుకోగలిగాను.

వాంతి రావడం నా ఒంటి బలహీనత అంటే ఒప్పుకోను. వాడేవాళ్లు ఓర్చుకుని అలవాటు పడాల్సి వస్తే, ఆ పద్ధతి ఇంకా తయారు కాలేదనే అర్థం. ల్యాబ్‌లో కొత్తగా చేరినవాళ్లకు నేను ముందు కోత పలకే నేర్పుతున్నాను. ఒంట్లో తేడాగా అనిపిస్తే వెంటనే హెడ్‌సెట్ తీసేయమని, ఎవరినీ అడగక్కర్లేదని చెబుతున్నాను.