ప్యాసింజర్ దిగిన పూలు

మా చిన్నప్పుడు హఫీజ్‌పేటకు బతుకమ్మ పండుగ రైల్లో వచ్చేది.

వికారాబాద్ వైపు నుంచి పొద్దున వచ్చే ప్యాసింజర్ పూర్తిగా ఆగకముందే తలుపుల దగ్గర గంపలు కనిపించేవి. ముందు గంప దిగేది, ఆ వెనక దాన్ని నెత్తికెత్తుకునే ఆడమనిషి దిగేది. పైన తడిగుడ్డ, కింద సీతాఫలకాయలు. కొందరి చంకలో తంగేడు కట్టలు, గునుగు మోపులు. పట్నం దాకా పోయేవాళ్లు పోగా ఓ పదిమంది మా దగ్గర దిగి, స్టేషన్ బయట వేపచెట్టు నీడన గోనెసంచులు పరిచేవాళ్లు. అదే మా అంగడి. దానికి పేరు లేదు, షెడ్డు లేదు, ఫలానా వారమని లేదు. వానలు వెనకపట్టాక మొదలై, దీపావళి దాటేసరికి ఎత్తిపోయేది.

1990ల మొదటి సంవత్సరాలవి. మాది రంగారెడ్డి జిల్లా శేరిలింగంపల్లి మండలం. కోఠికి పోవాలన్నా 'పట్నం పోయొస్తా' అని చెప్పి బయల్దేరేవాళ్లం. సైబర్ టవర్స్ 1998లో గానీ రాలేదు. కొండాపూర్ దిక్కు చూస్తే బండరాళ్లే. సీతాఫలం చెట్టుకు అలాంటి చోటే ఇష్టం. ఎవరూ నాటకుండా, నీళ్లు పోయకుండా రాళ్ల సందున లేస్తుంది. మేకలు కూడా ఆ ఆకు ముట్టవు. కాయ కోయడానికి మాత్రం అదను చూడాలి. పైన గుల్లల మధ్య సందులు విచ్చుకుని తెల్లబడితే మా నాయనమ్మ 'కండ్లు తెరిచింది' అనేది. కండ్లు తెరవని కాయను కోస్తే మాగదు, నల్లబడి ఎండిపోతుంది. తెరిచినదాన్ని కోస్తే రెండు మూడు రోజుల్లో మెత్తబడిపోతుంది. అందుకే ఆ గంపల ఆడవాళ్లకు ఆగే వీలుండేది కాదు, కోసిన మర్నాడు రైలెక్కాల్సిందే. వాడి జంక్షన్ నుంచి సికింద్రాబాద్ దాకా 1874లో నిజాం రాజ్యంలో పరిచిన ఆ పట్టాల మీద ఏమేం సరుకులు నడిచాయో పుస్తకాల్లో ఉంటుంది. నాకు మాత్రం రైలుకూత వింటే ఇప్పటికీ మాగిన సీతాఫలం వాసనే గుర్తొస్తుంది.

గునుగు జొన్నచేలో కలుపు. తంగేడు బీడులో పూస్తుంది. గుమ్మడిపువ్వు పెంటకుప్ప మీది తీగకు పూస్తుంది. ఇవేవీ డబ్బు పెట్టి కొనే పూలు కావు, ఊళ్లో ఉంటే పోయి తెంపుకొచ్చేవే. మా చుట్టూ తెంపుకునే బీళ్లు అప్పటికే తరుగుతున్నాయి గనక మేం కొనుక్కున్నాం.

"కట్టెట్లిస్తున్నవ్ బిడ్డా?" అని నాయనమ్మ గొంతుక్కూర్చునేది.

"బోనీ టైం అవ్వా, నువ్వే చెప్పు."

బేరం తెగాక కొసరు. "ఇంకో రెండు రెమ్మలెయ్యి. గౌరమ్మకే కదా!" గౌరమ్మ పేరు చెప్పాక కాదన్న మనిషిని ఆ చెట్టు కింద నేను చూడలేదు. ఇంటికి తెచ్చాక గునుగు కొసలు కత్తిరించి, ఎరుపు, ఊదా రంగునీళ్లలో ముంచి ఆరబెట్టడం పిల్లల పని. బడికి పోయినా వేళ్ల రంగు వదిలేది కాదు.

1999లో రైతుబజార్లు వచ్చాయి. గుర్తింపు కార్డు ఉన్న రైతు దళారీ లేకుండా నేరుగా అమ్ముకోవచ్చన్నారు. మంచి పనే జరిగింది. కానీ మా చెట్టు కింది ఆడవాళ్లు అమ్మేది గుట్ట మీది కాయ, గట్టు మీది పువ్వు. వాటికి పట్టా ఎక్కడిది? 2003లో ఎంఎంటీఎస్ రైళ్లు మొదలయ్యాయి. మా తర్వాతి స్టేషన్ పేరు ఇప్పుడు హైటెక్ సిటీ. 2014లో బతుకమ్మ రాష్ట్ర పండుగయింది, అపార్ట్‌మెంట్ల ముందు ఆడుతున్నారు, నా బిడ్డా ఆడుతుంది. చూస్తే కడుపు నిండుతుంది నాకు. పూలు ఫోన్లో చెబితే ఇంటికే వస్తాయి. తెంపిన మనిషి మాత్రం కనపడదు.

నాకు కనపడింది చిన్నప్పుడు, ఒక సద్దుల బతుకమ్మ నాడు. మా గల్లీ చివరి ఖాళీ జాగాలో బతుకమ్మలు పెట్టారు. పొద్దుటి నుంచి పూలమ్మిన ఒకావిడ ఖాళీ గంప పట్టుకుని, సాయంత్రం బండి కోసం స్టేషన్‌కు పోతూ నిలబడి చూస్తోంది.

"నిలబడ్డవేంది, రా ఆడు," అంది నాయనమ్మ.

"ఎక్కడాడుత అవ్వా. నేను ఊరు చేరేసరికి మా బతుకమ్మలు నీళ్లల్ల పడ్తయ్."

నాయనమ్మ మారుమాట్లాడకుండా ఆమె చేతిలో గంప తీసి నాకిచ్చి, చెయ్యి పట్టుకుని వలయంలోకి లాగింది. ఆమె చప్పట్లు కొడుతూ మూడు సుట్లు తిరిగింది, నాలుగోది సగంలో ఉండగా రైలు కూత వినపడింది. నాయనమ్మ గబగబా ఇన్ని సత్తుముద్దలు తెచ్చి ఆమె కొంగున కట్టింది. నేను గంప పట్టుకుని స్టేషన్ దాకా వెంట ఉరికాను. గంప అడుగున ఒక తంగేడు రెమ్మ మిగిలింది. ఆమె దాన్ని తీసి నా చేతికిచ్చి బండెక్కింది.