దమ్ము
(యాదిలో నడక - 23)



పోయిన ఆదివారం ఆపిన ముచ్చటను ఈ వారం పక్కన పెడుతున్న. ఒక తమ్ముడు ఇన్‌బాక్స్‌లో అడిగిండు, "అన్నా, అరవై దాటినంక కూడా గంటసేపు డప్పు ఎట్ల కొడుతున్నవు, ఏం తింటున్నవు?" అని. తినేది తర్వాత చెప్త. ముందు సిగ్గుపడ్డ కథ ఒకటి ఉన్నది.

2021 జనవరి 17. రోహిత్ వేముల పోయి అయిదేండ్లు. ఉస్మానియా హాస్టళ్ళు ఇంకా తెరవలేదు. ఆర్ట్స్ కాలేజీ మెట్ల మీద పదిహేను మందిమి కూడినం, అందరి మూతికీ మాస్కులు. డప్పు కొట్టే పిల్లగాడు ఊర్నుంచి రాలేదు. ఎవరో నా చేతిల చిర్ర పెట్టిండ్రు. నాకు డప్పు కొత్త కాదు. కుడిచేతిల చిర్ర, ఎడమచేతిల సిటికెన పుల్ల ఎట్ల పట్టాల్నో బడికి పోకముందే మా నాయిన నేర్పిండు. నాలుగు కాగితాలు అంటించి డప్పు కాపి, భుజానికి తగిలించుకొని మొదలుపెట్టిన.

నాలుగు నిమిషాలు. అయిదు కూడా కాలేదు. చెయ్యి ఇంకా ఆడుతనే ఉన్నది, లోపల గాలి లేదు. మాస్కు కిందికి గుంజిన. చెవుల్ల గుయ్‌మంటున్నది. మెట్ల మీదనే కూలబడ్డ. ఒక చెల్లె నీళ్ళ సీసా తెచ్చి, "సార్, మీరు కూసోండి. మేం నినాదాలిస్తం" అన్నది. మంచికే అన్నది పాపం. కానీ నాలుగేండ్ల నుంచి 'అన్నా' అని పిలిచే పిల్ల ఆ రోజు 'సార్' అన్నది.

మా నల్లగొండ దిక్కు ఊపిరికీ ధైర్యానికీ ఒకటే మాట: దమ్ము. "వానికి దమ్మున్నదిరా" అంటే రెండూ ఉన్నయని. ఆ రోజు ఇంటికి నడుచుకుంట వస్తుంటే ఆ మాటే నెత్తిల తిరిగింది.

నేను జిమ్‌కు పోయినోణ్ణి అంటే మీలో కొందరు నవ్వుతరు. 2014ల, 51 ఏండ్ల వయసుల షుగర్ బయటపడ్డది. 1984ల యూనివర్సిటీకి వచ్చిన కాడి నుంచి నా ఒళ్ళు టీ మీద, మిర్చి బజ్జీ మీద, అర్ధరాత్రి మీటింగుల మీద నడిచింది. కారంచేడు అయినప్పుడు, 1985 జూలైల, మూడు రోజులు సరిగ్గా తిండి లేకున్నా ఏం కాలేదు. అదే ఒళ్ళు ఎప్పటికీ ఉంటదనుకున్న. డాక్టరు కాగితం చూసి, "మాత్రలు నేనిస్త, కండ నువ్వు పెంచుకోవాలె" అన్నడు.

తార్నాకల మా గల్లీ చివర టిఫిన్ సెంటర్ మీద మొదటి అంతస్తుల చిన్న జిమ్. నెలకు 800. అవ్వకు ఫోన్‌ల చెప్పిన, పైసలు కట్టి ఇనుము ఎత్తుతున్ననని. అవ్వ కొంచెంసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత, "మీ నాయిన దొర కాడ పదేండ్లు జీతమున్నడు. బస్తాలు ఎత్తితే పైసలిచ్చెటోళ్ళు, అదీ సక్కగ ఇయ్యకపోదురు. నువ్వు ఎత్తుకుంట ఎదురు కడుతున్నవారా?" అన్నది.

దానికి నా దగ్గర ఇప్పటికీ జవాబు లేదు. కానీ ఆ జిమ్‌ల నాకు దొరికింది వేరే ఒకటున్నది. ఆడ ఎవ్వడూ ఇంటిపేరు అడగలేదు. "ఎన్ని కొట్టినవ్ అన్నా?" అని అడిగెటోళ్ళు, అంతే. ట్రైనర్ మాణికేశ్వర్ నగర్ పిల్లగాడు. పాతవాళ్ళు ఆ బస్తీని ఇంకా వడ్డెర బస్తీ అనే అంటరు. డిగ్రీ మధ్యల ఆపిండు. నాకు బస్కీలు తీయించేది, నేను వానికి ఇంగ్లీషు నేర్పేది. ఆరేండ్లు అట్ల నడిచింది.

2020 మార్చి మధ్యల సినిమా హాళ్ళతో పాటు జిమ్‌లూ మూసిండ్రు. 25 నుంచి దేశమంతా బంద్. వారం రోజులే కదా అనుకున్న. జిమ్‌లు తెరవొచ్చని కేంద్రం చెప్పింది ఆగస్టు 5 నుంచి. అప్పటికి నాకు భయం పట్టుకున్నది. షుగరోళ్ళకు కరోనా ప్రమాదమని రోజూ టీవీల చెప్తుండె. నాలాంటోళ్ళు చాలామంది పోలే. ఓనరు కిరాయి కట్టలేక దసరాకు ముందే చేతులెత్తేసిండు. ఒకరోజు టిఫిన్ సెంటర్ ముందట ట్రాలీ ఆగి ఉన్నది, దాంట్ల మా ట్రెడ్‌మిల్ తలకిందులుగ. కిటికీకి టు-లెట్ బోర్డు. ట్రైనర్ తమ్ముడు తిండి డెలివరీ బండి ఎక్కిండు.

క్యాంపస్ గేట్లు బయటోళ్ళకు బంద్. నేను చేసిన పని కుర్చీల కూసునుడు. జూమ్ మీటింగులు, వెబినార్లు, ఫేస్‌బుక్ లైవ్‌లు. ఆ ఏడాది నేను మాట్లాడినన్ని గంటలు జన్మల మాట్లాడలేదు. తొమ్మిది కిలోలు పెరిగిన. చేతులు మాత్రం సన్నబడ్డయి. పెరిగిందంతా పొట్ట, తగ్గిందంతా కండ. అద్దంల అది తెలియదు, లాల్చీ కప్పేస్తది. మూడు నెలల షుగర్ సగటు 9.1కి పోయింది.

ఇదంతా తెలిసే జనవరి 17న డప్పు అందుకున్న. తెలుసుడు వేరు, నలుగురి ముందల కూలబడుడు వేరు.

ఫిబ్రవరిల ట్రైనర్ తమ్ముడు ఎవరికో బిర్యానీ ఇయ్యనీకి మా బిల్డింగ్‌కు వచ్చి, నేను మెట్లు దిగుడు చూసిండు. "సార్, రెయిలింగ్ పట్టుకొని దిగుతున్నరు" అన్నడు. చేతిల డెలివరీ సంచితోనే మా ఇంట్లకు వచ్చి, కుర్చీ గోడకు ఆనించి పెట్టి, చేతులు కట్టుకొని లేవుమన్నడు. నాలుగుసార్లు లేచిన. అయిదోసారికి చెయ్యి ఆనింది. "ముందు గుండె చూపించుకోండి. తర్వాత రోజూ ఇదే. జిమ్ ముచ్చట మర్చిపోండి" అని, ఆర్డర్ లేటయితున్నదని ఉరికిండు. ఒకప్పుడు కసరత్తు చేసిన కండ మళ్ళీ తొందరగ మాట వింటదని మెట్ల మీది నుంచి అరిచి చెప్పిండు.

ఈసీజీ తీయించుకున్న. మాత్రల డోసు మారింది. కుర్చీ మొదలుపెట్టిన, గోడకు చేతులానించి దండీలు, రెండు లీటర్ల నీళ్ళ సీసాలు. నలభై రోజులకు పన్నెండుసార్లు లేవగలిగిన. అంతల రెండో వేవ్ వచ్చింది. మే 12 నుంచి మళ్ళీ లాక్‌డౌన్, పొద్దున 6 నుంచి 10 దాకనే సడలింపు.

ఆ మే నెలల ఒక సహచరుడు పోయిండు. కారంచేడు రోజుల నుంచి నాతో ఉన్నోడు. పేరు రాస్తలేను, ఇంటోళ్ళు ఇంకా తేరుకోలేదు. దవాఖాన వెనక గేటు కాడ నేనూ, ఆయన కొడుకూ ఇద్దరమే. ప్లాస్టిక్‌ల చుట్టిన మనిషిని ఇద్దరు కాంట్రాక్టు కార్మికులు తెచ్చిండ్రు. ఒకనికి ఇరవై రెండేండ్లుంటయేమో. వాళ్ళెవరో చెప్పే పని లేదు, ఆ పని ఎవరి మెడకు చుడతరో మీకు తెలుసు. నేనూ పీపీఈ కిట్ల ఉన్న. ఒక మూల నేను పట్టుకుంటనన్న. పట్టుకున్న కూడా. బండి ఎత్తుకు లేపేటప్పుడు నా దిక్కు జారింది. ఆ పిల్లగాడు మోకాలు అడ్డం పెట్టి ఆపిండు. "జరుగు పెద్దయ్యా, మేం చూసుకుంటం" అన్నడు.

ముప్పై ఆరేండ్ల దోస్తు. ఒక మూల పట్టలేకపోయిన.

ఆ తర్వాత నాకు ఎవ్వరూ గుర్తుచేయాల్సిన పని పడలేదు. లాక్‌డౌన్ జూన్‌ల ఎత్తేసిండ్రు. క్యాంపస్ తెరిచినంక పొద్దుగాల అయిదున్నరకే తార్నాక దిక్కు నుంచి లోపలికి పోయేది. ఆర్ట్స్ కాలేజీ దాక పోయి వచ్చుడు. మొదటి నెల మధ్యల రెండుసార్లు కూసుందును. ల్యాండ్‌స్కేప్ గార్డెన్ కాడ నలుగురు పెద్దమనుషుల గుంపు కలిసింది. మంచిగనే మాట్లాడిండ్రు, మోకాళ్ళ నూనె పేరు కూడా చెప్పిండ్రు. పదో రోజో పదకొండో రోజో ఒకాయన అడిగిండు, "ఇంటిపేరేంది సార్ మీది? మనోళ్ళేనా?" అని. "మాదిగోళ్ళం" అన్న. "ఆహా, అట్లనా" అన్నడు. తెల్లారి నుంచి వాళ్ళ నడక వేగం పెరిగింది. నేను కలిసేసరికి గుంపు యాభై గజాలు ముందట. సరే అని నేనూ పెంచిన. రెండు నెలలల్ల వాళ్ళను దాటి పోవుడు మొదలైంది. నా షుగర్ తగ్గిన దాంట్ల ఆ పెద్దమనుషుల వాటా కూడా ఉన్నదని ఒప్పుకోవాలె.

ఇప్పుడు తిండి ముచ్చట. తార్నాకల మనం రోజూ దాటిపోయే జాతీయ పోషకాహార సంస్థ 1918ల కూనూరుల చిన్న బెరిబెరి పరిశోధన కేంద్రంగ మొదలై, 1958ల హైదరాబాద్ వచ్చింది. మన ఉస్మానియా పుట్టింది కూడా 1918లనే, ఇన్‌ఫ్లుయెంజా మహమ్మారి ఏడాది. ఆ సంస్థ 2020 లెక్క ప్రకారం పెద్దమనిషికి రోజుకు కిలో బరువుకు 0.83 గ్రాముల ప్రొటీన్ కావాలె. నేను 74 కిలోలు. అంటే అరవై గ్రాముల పైన. రాసి చూసుకుంటే నేను తినేది నలభై కూడా దాటుతలేదు. పొద్దున ఇడ్లీ, మధ్యాహ్నం అన్నం, రాత్రి అన్నం. జిమ్‌ల పిల్లలు పౌడర్ డబ్బా చెప్పెటోళ్ళు, వేలల్ల ధర. కోడిగుడ్డు, చికెన్ చెప్పెటోళ్ళు. పెద్దకూర పేరు మాత్రం ఎవ్వరూ ఎత్తకపోదురు, నేను కూడా. 2012 ఏప్రిల్ 15న ఇదే క్యాంపస్‌ల బీఫ్ ఫెస్టివల్ చేసి దెబ్బలు తిన్న పిల్లల పక్కన నిలబడ్డోణ్ణి, జిమ్‌ల నోరు మూసుకున్న. అవ్వ ఎండబెట్టి డబ్బాల దాచే తునకలు మా ఇంట్ల వానకాలపు బలం. వాటిని యూనివర్సిటీకి వచ్చినంక నేనే వదిలిపెట్టుకున్న, రూమ్మేట్లకు వాసనొస్తదని. మళ్ళీ తెచ్చుకున్న. పప్పు, గుడ్లు, పెరుగు కూడా పెంచిన. గుప్పెడు పల్లీలు జేబుల ఉంటయి.

చెల్లెళ్ళూ తమ్ముళ్ళూ, మనోళ్ళు ఒంటి గురించి మాట్లాడుడు చిన్నతనమనుకుంటరు. పూణేల లహూజీ సాళ్వే అనే మాంగు కులపాయన తాలీమ్ నడిపిండు. తాలీమంటే కసరత్తు బడి. జోతిరావు ఫూలే అక్కడ నేర్చుకున్నోడే. 1888ల పక్షవాతమొచ్చి కుడిచెయ్యి పడిపోతే, ఎడమచేత్తో తన చివరి పుస్తకం రాసిండు ఫూలే. అంబేడ్కర్‌కు షుగర్ ఉండె, 65 ఏండ్లకు పోయిండు. నాతోటి నడిచినోళ్ళల్ల ఆ 65 చూడనోళ్ళను లెక్కపెట్టుకుంట పోతే రెండు చేతుల వేళ్ళు చాలయి. కొందరిని పోలీసులు, కొందరిని పెత్తందార్లు మింగిండ్రు. మిగతావాళ్ళను మింగింది బీపీ, షుగర్, సారా. ఆ మూడింటి మీద మనం ఎన్నడూ ఒక తీర్మానం చేయలేదు.

2022 ఏప్రిల్‌ల కానిస్టేబుల్ నోటిఫికేషన్ పడ్డది. క్యాంపస్ గ్రౌండంతా పిల్లలే. మగపిల్లలకు 1600 మీటర్లు 7 నిమిషాల 15 సెకన్లల్ల, ఆడపిల్లలకు 800 మీటర్లు 5 నిమిషాల 20 సెకన్లల్ల. ట్రైనర్ తమ్ముడు డెలివరీ బండి వదిలి, ఇరవై మంది పిల్లలకు పొద్దుగాల ఈవెంట్స్ ప్రాక్టీస్ చేయించుడు మొదలుపెట్టిండు. తలా కొంత ఇచ్చేది. నన్ను కూడా లైన్‌ల నిలబెట్టిండు. నా మొదటి 1600, సగం నడక సగం ఉరుకుడు, 15 నిమిషాలు. డిసెంబర్‌ల వాళ్ళకు పరీక్షలయ్యేనాటికి 11 నిమిషాల 40 సెకన్లు. మహబూబ్‌నగర్ పిల్ల ఒకామె నాకన్నా రెండు రౌండ్లు ముందు అయిపోగొట్టి, చివరి మలుపు కాడ నిలబడి "ఉరుకు అన్నా, పోలీసులొస్తున్నరు" అని అరిచేది. అటు పోలీసు కొలువుకు ఉరుకుకుంట, ఇటు ఆ మాట. ఆమెకు కొలువు వచ్చింది.

మూడు నెలల సగటు ఇప్పుడు 7.1. బరువు ఆరు కిలోలు తగ్గింది, మూడు తగ్గనే లేదు. పోయిన కండ మొత్తం రాలేదు, ఈ వయసుల రాదంట. జిమ్‌ల ఆరేండ్లల్ల కట్టుకున్నది పది నెలలల్ల కరిగింది, తిరిగి ఇంతమాత్రం రానీకి రెండేండ్లు పట్టింది.

2023 జనవరి 17న మళ్ళీ ఆర్ట్స్ కాలేజీ మెట్లు. ఈసారి డప్పులు నాలుగు. నేను అడగలేదు, నాకు ఎవ్వరూ ఇయ్యలేదు కూడా. పిల్లలే కొడుతుండ్రు. మధ్యల ఒకనికి చెయ్యి నొచ్చి పక్కకు జరిగిండు. పోయి వాని భుజం మీది నుంచి డప్పు తీసుకున్న. చల్లబడ్డది, మంట కాడికి పోయి కాపిన. నలభై నిమిషాలు కొట్టిన, మధ్యల రెండుసార్లు ఆగి. నీళ్ళ సీసా ఇచ్చిన ఆ చెల్లె ఎమ్మే అయిపోయి పీహెచ్‌డీల చేరింది, వెనక నిలబడ్డది. అయిపోయినంక చిర్ర అడిగి తీసుకున్నది. "ఆడోళ్ళు కొడితే మీ నాయిన ఏమనేటోడు?" అన్నది. ఏమనేటోడో నాకు తెలుసు, చెప్పలే. సిటికెన పుల్ల ఎట్ల పట్టుకోవాల్నో చూపించిన. ఆమె వేళ్ళ మధ్యల నుంచి అది రెండుసార్లు జారి మెట్ల మీద పడ్డది.

తెల్లారి నా ఎడమ మోకాలు వాచింది. రెండు రోజులు మంచం దిగలే. మూడో రోజు అయిదున్నరకు పోయిన, పెద్దమనుషుల గుంపు అప్పటికే యాభై గజాలు ముందట ఉన్నది.