డబ్బు కట్ అయింది, దరఖాస్తు కదల్లేదు

బీజాపూర్ నుంచి ఆవపల్లి మీదుగా ఉసూర్ చేరేసరికి మధ్యాహ్నమైంది. బస్తర్‌లోని ఈ ఊరి పేరు వినగానే తెలుగువాడికి తోచే మాట ఒకటుంది. దాన్ని పైకి అనకూడదనుకున్నాను. కానీ టీ కొట్టు దగ్గర కలిసిన కుర్రాడే, నాది హైదరాబాద్ అని తెలిశాక, నవ్వుతూ అనేశాడు: "ఉసూర్‌లో పుట్టాం కదన్నా, ఉసూరుమనడం మాకు అలవాటే." ఏటా మిరప కోతలకు చర్ల, వెంకటాపురం వైపు వచ్చి నేర్చుకున్న తెలుగు అది.

ఆ నవ్వు వెనక దిగులుంది. హైదరాబాద్‌లో ఒక గిడ్డంగికి కాపలా ఉద్యోగం కుదిరింది. చేరాలంటే పోలీసు క్లియరెన్సు తేవాలి. నెలాఖరు దాకానే గడువు. ఆన్‌లైన్‌లో దరఖాస్తు నింపి, బావ ఫోన్ నుంచి రుసుము కట్టాడు. డబ్బు కట్ అయినట్లు బ్యాంకు నుంచి మెసేజ్ వచ్చింది. పోర్టల్ మాత్రం 'చెల్లింపు పెండింగ్' అనే అంటోంది. ఆరు రోజులైంది. ఈలోగా బావ ఫోన్‌తో సహా మిరప కోతలకు వెళ్లిపోయాడు.

"మళ్లీ కట్టమంటున్నారన్నా. కట్టేదా?"

వద్దన్నాను. చెప్పడానికి నాకు అర్హత ఉంది. కొన్నేళ్ల కిందట విదేశీ వీసా కోసం నేనూ ఇలాంటి క్లియరెన్సుకే దరఖాస్తు చేశాను. డబ్బు పోయింది, రసీదు రాలేదు. కంగారులో రెండోసారి కట్టాను. నాలుగో రోజున మొదటి చెల్లింపే నమోదైంది. రెండోది వెనక్కి తెచ్చుకోవడానికి మూడు నెలలు పట్టింది. బ్యాంకు వాళ్లు శాఖను అడగమన్నారు, శాఖ వాళ్లు బ్యాంకును అడగమన్నారు. రాజనీతి శాస్త్రంలో పీజీ చేసి, రాజ్యం గురించి వందల పేజీలు చదివిన నాకు, రాజ్యానికీ నాకూ మధ్య ఎన్ని ఖాతా పుస్తకాలున్నాయో అప్పుడే తెలిసింది.

మూడున్నాయి. ఒకటి బ్యాంకుది, రెండోది మధ్యలో నిలబడే పేమెంట్ గేట్‌వేది, మూడోది శాఖది. డబ్బు ముందుకు వెళ్లడం ఒక ప్రయాణం. 'అందింది' అనే కబురు శాఖ సర్వర్‌కు చేరడం ఇంకో ప్రయాణం. సిగ్నల్ పోయినా, బ్రౌజర్ మూసుకుపోయినా, సర్వర్ మొరాయించినా ఈ రెండో ప్రయాణం ఆగిపోవచ్చు. అప్పుడు డబ్బు ప్రభుత్వ ఖాతాలో ఉంటుంది, అది ఎవరిదో చెప్పే మాట మాత్రం దారిలో ఉంటుంది. ఒక చోట నిలబడితేనే ఫోన్ పలికే ఊళ్లలో ఇది అరుదైన సంగతేమీ కాదు.

అందుకే ముందు తేల్చాల్సింది డబ్బు ఎక్కడ ఆగిందన్నది. రిజర్వు బ్యాంకు 2019 సెప్టెంబరులో ఇచ్చిన ఆదేశం ప్రకారం, యూపీఐతో కట్టిన డబ్బుకు అవతలి నుంచి ధ్రువీకరణ రాకపోతే, అది ఐదు రోజుల్లోగా దానంతటదే ఖాతాకు తిరిగి రావాలి. ఆ తర్వాత ఆలస్యమైన ప్రతి రోజుకు వంద రూపాయల పరిహారం. ఫిర్యాదు చేసిన 30 రోజుల్లో బ్యాంకు తేల్చకపోతే అంబుడ్స్‌మన్ దగ్గరికి వెళ్లొచ్చు. అయితే డబ్బు శాఖ ఖాతాలో పడిపోయి ఉంటే ఇవేవీ అక్కరకు రావు. బ్యాంకు లెక్కలో అది విజయవంతమైన చెల్లింపు. ఇక అడగాల్సింది శాఖనే.

బావకు ఫోన్ కలిపాం. మూడోసారికి పలికాడు. చేలో నిలబడే తన యాప్ తెరిచి చూశాడు. 'విజయవంతం' అని ఉందట. డబ్బు వెనక్కి రాలేదు. 12 అంకెల రిఫరెన్స్ నంబరు ఒక్కొక్క అంకె చదివితే కుర్రాడు టీ కొట్టు అట్టముక్క మీద రాసుకున్నాడు. రెండుసార్లు చదివించాం. స్క్రీన్‌షాట్ సాయంత్రానికి వచ్చింది.

రాత్రి ఇద్దరం కూర్చుని హిందీలో అర్జీ రాశాం. దరఖాస్తు నంబరు, కట్టిన తేదీ, సమయం, మొత్తం, ఆ 12 అంకెలు, ఎవరి ఖాతా నుంచి కట్టిందీ, ఆ ఖాతాదారు ఏమవుతాడో అన్నీ పెట్టాం. అడిగింది ఒక్కటే: డబ్బు వాపసు వద్దు, ఈ చెల్లింపును ఈ దరఖాస్తుకు జతచేయండి. ఇక్కడివాళ్లు చాయిస్ సెంటర్ అంటారు, మన మీసేవ లాంటిది. మర్నాడు అక్కడి నుంచి మెయిల్ పంపించి, కాగితం ప్రతిని కార్యాలయంలో ఇచ్చి, నకలు మీద ముద్ర వేయించుకున్నాడు.

ఆ ముద్ర చూస్తే పాత ట్రెజరీ చలానా గుర్తొచ్చింది. బ్యాంకులో క్యూ కట్టి డబ్బు కడితే, ముద్ర కొట్టిన ప్రతి ఒకటి మన చేతికిచ్చేవారు. క్యూలు నరకమే, కాదనను. కానీ ఆ ముక్క చూపిస్తే గుమాస్తా మారు మాట్లాడేవాడు కాదు. డబ్బు కట్టినట్లు రుజువు మన జేబులో ఉండేది. ఇప్పుడు ఆ రుజువు శాఖ సర్వర్‌లో ఉంది. అక్కడ లేకపోతే, లేదని నిరూపించాల్సింది శాఖ కాదు, కట్టానని నిరూపించుకోవాల్సింది మనమే. నాకైతే బ్యాంకు స్టేట్‌మెంటూ, ఇంగ్లీషూ, ఓపికా ఉన్నాయి. పక్కవాడి ఫోన్ నుంచి కట్టినవాడికి ఏముంది?

ఛత్తీస్‌గఢ్‌లో 2011లోనే లోక్ సేవా గ్యారంటీ చట్టం వచ్చింది. సేవలకు గడువులు పెట్టింది. కానీ ఆ లెక్క దరఖాస్తు అందాకే మొదలవుతుంది. రుసుము నమోదు కానిదే దరఖాస్తు అందినట్లు కాదంటే, గడియారం తిరగనే తిరగదు. దీనికి కొత్త సాంకేతికత అక్కర్లేదు. బ్యాంకు రిఫరెన్స్ నంబరిస్తే దరఖాస్తును తాత్కాలికంగా స్వీకరించి, కట్టిన తేదీ నుంచే గడువు లెక్కించి, ఖాతాలు తర్వాత సరిచూసుకుంటే చాలు. డబ్బు రాలేదని తేలితే దరఖాస్తును ఆపడం ఎలాగూ వాళ్ల చేతిలోనే ఉంది.

ముద్ర పడిన నాలుగో రోజున కుర్రాడు ఫోన్ చేశాడు. 'చెల్లింపు అందింది' అని పోర్టల్ చూపిస్తోందట. గడువుకు ఇంకా పన్నెండు రోజులుంది. సంతోషంగా ఉంటాడనుకున్నాను. కాసేపు మాట్లాడలేదు.

"అన్నా, ఇప్పుడు స్టేషన్ వాళ్లు నా గురించి విచారిస్తారు కదా?"

అవునన్నాను. అతని వెనక ఉన్న చరిత్ర నాకు తెలుసు. 2005లో మొదలైన సల్వాజుడుం ఈ ప్రాంతంలో ఊళ్లకు ఊళ్లను ఖాళీ చేయించింది. 2011లో సుప్రీంకోర్టు తప్పుబట్టే దాకా సాగింది. 2025 ఏప్రిల్, మే నెలల్లో ఇక్కడికి దగ్గర్లోని కర్రెగుట్టల్లో 21 రోజుల ఆపరేషన్ జరిపి, 31 మంది మావోయిస్టులను హతమార్చామని భద్రతా దళాలు ప్రకటించాయి. ఇలాంటి చోట పుట్టినవాడికి, 'ఇతనిపై ఏమీ లేదు' అనే కాగితం ఉద్యోగానికి మాత్రమే పనికొచ్చేది కాదు.

"నీ మీద కేసులేమైనా ఉన్నాయా?" అని అడిగాను.

"లేవన్నా. కానీ లేవని నాకు తెలిస్తే సరిపోదు కదా. డబ్బు కట్టానని నాకు తెలిసినా సరిపోలేదుగా."

అట్టముక్క దాచిపెట్టమన్నాను. దాచే ఉంచానన్నాడు.